కండక్టరు చేతికిచ్చిన పుస్తకం

"పుస్తకం పోయింది టీచరమ్మా."

హోసూరు బస్టాండులో, ఊత్తంగరై బస్సు మెట్టు దిగి కండక్టరు చెప్పిన మాట అది. నళినికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"పోయిందంటే? యాడ పోయింది?"

"కృష్ణగిరిలో టీ అంగడి బెంచీ మీద పెట్టి మరిచినాను. తిరిగిపోయి చూస్తే లేదు. నాలుగు దినాలుగా అందర్నీ అడగతానే ఉండాను."

"బస్సులో ఉండాల్సిన పార్సెలు టీ అంగడికి ఎట్ల పోయిందప్పా? దానికేమన్నా కాళ్ళొచ్చినాయా?"

కండక్టరు తల వంచుకున్నాడు.

"కట్టు విప్పినావా?"

"విప్పినానమ్మా."

"విప్పి, పాతపేపర్లోళ్ళకు అమ్ముకున్నావు. అంతే కదా! టికెట్లు చించే చేతికి పుస్తకం విలువ ఏం తెలుస్తుంది!"

బస్సులోని వాళ్ళంతా కిటికీల్లోంచి తొంగి చూశారు. అతను విజిల్ వేసి బస్సెక్కాడు.

నళిని నోరు పారేసుకునే మనిషి కాదు. కానీ పోయింది ఏదో ఒక పుస్తకం కాదు. ఆమె తండ్రి కేశవప్ప మాస్టారు చివరిసారిగా చదివిన పుస్తకం. చదివే ప్రతి పుస్తకంలోనూ పేజీ అంచుల వెంట పెన్సిలుతో ఏదో ఒకటి రాసుకోవడం ఆయనకు అలవాటు. ఈ పుస్తకం చివరి పేజీల్లో ఆయన రాత వణికింది. అది ముగించిన వారానికే ఆయన పోయాడు.

అంత ప్రాణమైనదాన్ని బస్సులో పంపుతారా అని మీరడగొచ్చు. పంపింది సోమప్పకు.

రెండేళ్ళ కిందట, రెండు వేల ఐదులో, తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళ యాహూ గ్రూపులో పరిచయమయ్యాడాయన. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కింద 'ఊత్తంగరై సోమప్ప' అని పెట్టేవాడు. ఆమె హోసూరులో పుస్తకం కట్టి కండక్టరు చేతికిస్తే, ఊత్తంగరైలో ఆయన తీసుకునేవాడు. చదివాక అదే బస్సులో తిరిగొచ్చేది. అలా తండ్రి పుస్తకాలు పదకొండు పోయి వచ్చాయి. ఇద్దరూ ఒక్కసారీ కలుసుకోలేదు. మీరేం పని చేస్తారని ఆమె ఒకసారి అడిగితే, "పుస్తకాలు చదివేవాళ్ళ నడుమ ఉద్యోగాలెందుకమ్మా" అని రాశాడు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషే అయ్యుంటాడని నళిని తనకు తానే తేల్చేసుకుంది.

తండ్రి పోయినప్పుడు బంధువులు వచ్చి ఏవేవో చెప్పి పోయారు. ఒక్క మాటా ఆమెకు ఎక్కలేదు. సోమప్ప మాత్రం, "మీ నాయన పెన్సిలు రాతలు చదవతా ఉంటే ఆయన పక్కన కూర్చున్నట్లే ఉంటుంది నాకు" అని రాశాడు. ఆ రోజు నెట్ సెంటరులో అందరి ముందూ ఏడ్చేసింది నళిని. అందుకే ఆ చివరి పుస్తకం కూడా ఆయనకే పంపింది.

ఆ సాయంత్రమే సోమప్పకు రాసింది. "కండక్టరు పోగొట్టినాడు. బస్సు ఓనరుకు ఫిర్యాదు రాసిస్తే అతని పని పోతుంది. పిల్లలు గలవాడేమో అని వెనకాడతా ఉండాను. మీరే చెప్పండి, ఏం చేసేది?"

మూడో రోజుకు జవాబు వచ్చింది.

"రాసివ్వండి నళినమ్మా. మీ నాయన చేతిరాత పోగొట్టినవాడు తప్పించుకోకూడదు. ఇకమీద నాకు పుస్తకాలు పంపవద్దు. తీసుకునే అర్హత నాకు లేదు."

ఎవరో చేసిన తప్పుకు ఈయన తనను తాను శిక్షించుకుంటున్నాడే! స్నేహితుడు కూడా పోయాడు, ఆ కండక్టరు వల్ల. నళిని ఆ నెట్ సెంటరులోనే కూర్చుని ఫిర్యాదు రాసింది.

మర్నాడు బస్టాండు వెనక చిన్న ఆఫీసులో ఓనరు తిమ్మరాయప్ప ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏ కండక్టరని పేరు రాయలేదేమ్మా?"

నళిని తడబడింది. రెండేళ్ళుగా ఆ మనిషి చేతికే పుస్తకాలిస్తోంది. "జాగ్రత్తప్పా" అని చెప్పడమే గానీ, పేరెప్పుడూ అడగలేదు.

"పేరు తెలీదన్నా. పొద్దున ఏడున్నర బండి."

"వాడా! నిన్ననే వచ్చి అంతా చెప్పినాడు. టీచరమ్మ రాసిస్తే నన్ను తీసేయన్నా, నేను తప్పే చేసినాను అన్నాడు. పదేళ్ళుగా ఉండాడమ్మా నా దగ్గర. ఒక్క రూపాయి తేడా రాలేదు. ఇద్దరు ఆడబిడ్డలు." ఆయన పెన్ను ముందుకు జరిపాడు. "అయినా ఒకరి సొత్తు పోగొట్టినంక నేను కాదంటే బాగుండదు. ఖాయమంటే సంతకం పెట్టు."

నళిని పెన్ను అందుకుంది. సోమప్ప జవాబు కళ్ళ ముందు మెదిలింది. తప్పించుకోకూడదు. సంతకం పెట్టేసింది.

తిమ్మరాయప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్ముకునే రకం కాదులేమ్మా వాడు. బండి నిలిచినప్పుడల్లా కట్టు విప్పి చదవతా కూర్చునేదంట, పిచ్చోడు. ఆ దినం ఏదో చదివి కండ్లనిండా నీళ్ళు పెట్టుకుని, ముఖం కడుక్కోను లేసినాడంట. అంతలో డ్రైవరు హారన్ కొట్టేసినాడు."

"చదవతా కూర్చునేదా?" నళిని చప్పున తలెత్తింది.

అప్పటికే ఆయన కిటికీలోంచి బయటికి వంగి కేకేశాడు.

"ఒరే సోమప్పా! సంచీ, విజిలూ ఈడిచ్చేసి, నువ్వు ఊత్తంగరైకి పోప్పా!"