కుటుంబ సభ్యుల కాలమ్

"ఈ ఏడో కాలమ్ ఇలా రాస్తే అప్లికేషన్ వెనక్కొచ్చేస్తుందమ్మా," అంది రాధాకుమారి, కాగితాన్ని హాసిని ముందుకు తోసి.

మచిలీపట్నంలో ఆఫీసుల వీధి చివర ఆమెది చిన్న ఇంటర్నెట్ సెంటర్. గుడివాడ నుంచి పొద్దున్నే పాసింజర్లో రావడం, సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు నింపడం, మళ్ళీ అదే రైల్లో నిలబడి వెళ్ళడం. పన్నెండేళ్ళుగా ఇదే బతుకు. తప్పుల్లేని దరఖాస్తు ఒక్కటీ ఆమె చూసి ఎరగదు. గొంతులో విసుగు కూడా అరిగిపోయింది. ఈ పిల్ల కాగితాలు చేతికిచ్చాక ఆమె రెండుసార్లు మంచినీళ్ళు తాగింది. ఎండ అలా ఉంది మరి.

హాసినికి పంతొమ్మిదేళ్ళు. కోడూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. వాళ్ళ నాన్న వెంకటాద్రి కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. డ్యూటీలో ఉండగానే గుండాగి పోయాడు. ఆయన ఉద్యోగం ఇంట్లోవాళ్ళకి ఇమ్మని అడగడానికి ఏడాది గడువు. అది రేపటితో సరి. అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, చెల్లెలు ఇంకా బడిలో ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే ఆ ఇల్లు గడవదు.

"ఏం తప్పు రాశానండీ?"

"నాన్న మొదట ఉద్యోగంలో చేరింది ఎక్కడ?"

"గుడివాడ దగ్గరంటండీ. తర్వాత మా వైపు బదిలీ అయ్యారంట. అక్కడి సంగతులు మాకు తెలీవు."

"తెలీదంటే కుదరదు. సర్వీసు రిజిస్టర్లో ఎలా ఉంటే ఇక్కడా అలాగే ఉండాలి. కుటుంబ సభ్యులు అన్నచోట అమ్మ, నువ్వు, చెల్లెలు. అంతేనా?"

"అంతేనండీ."

"ఇంకెవరూ లేరా?"

హాసిని తలొంచుకుంది. "లేరండీ."

"చూడమ్మా, నాకు ఓపిక లేదు. తహసీల్దారు ఆఫీసు నుంచి విచారణకి మనిషొస్తాడు. దాచావని తేలిందా, ఇక ఈ ఉద్యోగం మాట మర్చిపో. ఉన్నవాళ్ళందర్నీ రాయి."

హాసిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా పెద్దమ్మ ఉందండీ. నాన్న మొదటి భార్య. నేనెప్పుడూ చూళ్ళేదు. పేరు కూడా తెలీదు, ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆవిడ సంగతి రాయొద్దని అమ్మ ఒట్టేయించుకుంది."

"రిజిస్టర్లో భార్యగా ఆవిడ పేరే ఉంటుంది. తనకి అభ్యంతరం లేదని ఆవిడ రాసివ్వకపోతే నీ ఫైలు కదలదు."

"ఆవిడెందుకు ఇస్తుందండీ? మా అమ్మ వల్లే కదా ఆవిడ ఒంటరిదైపోయింది. పైగా ఆ ఉద్యోగం తనే అడగొచ్చంట."

"అడగొచ్చు. ముందు హక్కు ఆవిడదే."

హాసిని కాగితాలన్నీ పోగుచేసి కవర్లో కుక్కుకోసాగింది.

"అయితే వెళ్తానండీ. రేపటిలోగా ఆవిణ్ణి ఎక్కడని వెతకను? వెతికినా ఏ మొహం పెట్టుకుని అడగను?"

"కూర్చో."

రాధాకుమారి ఏడో కాలమ్ మళ్ళీ టైపు చేసింది. ప్రింటు తీసి మొదటి పేజీ నుంచి చదివింది. పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం. ఎక్కడా తప్పు లేదు, ఒక్క గడీ ఖాళీగా లేదు. ఆ తర్వాత నిరభ్యంతర పత్రం కూడా ప్రింటు తీసింది. ఆమెకి చాలా అలసటగా ఉంది. పోట్లాడేంత శక్తి ఏనాడో అయిపోయింది.

"ఈ పత్రం ఎందుకండీ?" అంది హాసిని కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడు దీని మీద సంతకం పెట్టేదెవరు?"

రాధాకుమారి తన పేరుతోనే సంతకం పెట్టింది.