మేడ మీద నిఘా

"ఏమండీ, నాగేందర్ మళ్లీ మేడెక్కాడు," అంది ఆదిలక్ష్మి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

జోగారావు గారు పేపరు పక్కన పడేశారు. టైము పదకొండు. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివే కుర్రాడెవడైనా ఈ వేళకి రీడింగ్ రూంలో కుర్చీకి అతుక్కుపోయి ఉండాలి. చిక్కడపల్లి లైబ్రరీలో కొందరైతే, లేస్తే కుర్చీ పోతుందని పోయిన నోటిఫికేషన్ నుంచి లేవలేదు. అలాంటిది నాగేందర్ రోజూ పుస్తకం వదిలేసి మేడ మీదకి పోతున్నాడు.

హాస్టల్ పేరంటే జోగారావు గారికి ప్రాణం. రిటైరయ్యాక పై అంతస్తులన్నీ కుర్రాళ్లకి కిరాయికిచ్చి, కింద భార్యతో ఉంటున్నారు. మా దగ్గర సిగరెట్టు ఉండదు, ప్రేమ ఉండదు, పుట్టినరోజు కేకు కూడా ఉండదు అని తల్లిదండ్రులకి మాటిచ్చి మరీ చేర్చుకుంటారు. మేడ మీద నాగేందర్ ఏదో వెధవపని చేస్తున్నాడని తేలిందా, పరీక్ష ఎంత దగ్గరున్నా వాడి సామాను రోడ్డు మీద ఉంటుంది.

మెట్లెక్కారు. ఆయన కంటే ముందు ఆయన మోకాళ్ల చప్పుడు పైకెళ్లి వాణ్ణి హెచ్చరిస్తోందని ఆయన అనుమానం.

పైన నాగేందర్ బనియన్ మీద, పిట్టగోడ పక్కన ఎండలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్ కూడా లేదు. అది మరీ అనుమానంగా ఉంది.

"ఏం చేస్తున్నావురా?"

"ఎండకు కూసున్న సార్. విటమిన్ డి తక్కువున్నదని డాక్టర్ చెప్పిండు."

జోగారావు గారికి నవ్వొచ్చింది. మే నెలలో నారాయణగూడ సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపితే, పచ్చలైటు పడేలోపు మనిషి సగం ఆవిరైపోతాడు. అలాంటి ఊళ్లో ఎండ కరువా? అదే అడిగారు.

"ఎండ ఊర్ల ఉంటే ఏమైతది సార్, ఒంటికి తగలాలె గద. పొద్దంత రూముల్నే ఉంటే ఎముకలు గుంజుతయంట, చాతగాకుంట అయితదంట."

ఆయన నమ్మలేదు. ఆయనకి డాక్టర్ల మాటంటేనే గిట్టదు. ఈ మధ్య బషీర్‌బాగ్‌లో ఒక డాక్టరు రక్తపరీక్షలు చేయించి ఏదో చెప్పబోతే, సగంలో లేచి వచ్చేశారు. మిగతా సగం ఆదిలక్ష్మి విని వచ్చింది.

కాబట్టి నిఘా మొదలైంది. ఎదురు మేడ మీద అనసూయమ్మ గారు వడియాలు పెడుతున్నారు. ఆవిడకి డెబ్భై దాటాయి. అయినా జోగారావు గారు ఆ కోణాన్ని కొట్టిపారేయలేదు.

రోజూ అదే వరస. కింద నుంచి ఆదిలక్ష్మి "ఎక్కాడండీ" అనడం, ఈయన పరుగున ఎక్కడం. మొదట్లో నించునే కాపలా కాశారు. తర్వాత ఒక ప్లాస్టిక్ కుర్చీ పైకొచ్చింది. నీడలో వేసుకుంటే వాడి చేతులు సరిగ్గా కనపడటం లేదని ఎండలోకి లాక్కున్నారు. నిఘాకి చెమట ఎక్కువ కాబట్టి చొక్కా కూడా విప్పేశారు. ఇద్దరూ బనియన్లలో ఎదురెదురుగా కూర్చుని ఒకళ్లనొకళ్లు చూసుకుంటుంటే, అనసూయమ్మ గారికి భయమేసి వడియాల గిన్నె తీసుకుని కిందికి దిగిపోయారు.

ఆదివారం నాడు అసలు సంగతి బయటపడిందనిపించింది. నాగేందర్ ఒక చిన్న పాకెట్ చింపి, అందులోని పొడిని పాలల్లో కలుపుతున్నాడు. మీగడ కట్టిన ఆ పాలు ఆదిలక్ష్మే ఇచ్చిందట.

"ఏంట్రా ఆ పొడి?"

"మందు సార్. వారానికొక్కటే. దినాం తాగితే ఎక్కువై లేని పరేషాన్ అయితదని చెప్పిండు డాక్టర్."

ఆ ముక్కతో ఆయన అనుమానం ఇంకా బలపడింది. ఇలాంటి పొడుల గురించి ఆయన పేపర్లో చాలా చదివారు. గ్లాసు లాక్కుని, మీగడతో సహా గటగటా తాగేశారు. తర్వాత మత్తు కోసం కుర్చీలో ఎదురుచూశారు. తను పాట పాడినా, ఎవరినైనా కౌగిలించుకున్నా వెంటనే పోలీసులకి ఫోన్ చెయ్యమని భార్యకి కేకేసి చెప్పారు. ఏమీ కాలేదు. ఒక్కసారికే ఏం తేలుతుందని మరుసటి ఆదివారం మళ్లీ తాగారు. ఆ పై ఆదివారం కూడా. "సార్, సార్" అంటూనే నాగేందర్ గ్లాసు చేతికిచ్చేవాడు.

ఇలా చలికాలం దాటిపోయింది. నేరం మాత్రం దొరకలేదు.

ఒకరోజు ఆదిలక్ష్మి పిలవకముందే ఆయన బయల్దేరారు. విచిత్రంగా ఆ రోజు మోకాళ్లు నోరెత్తలేదు. పిల్లిలా పైకెళ్లి తొంగి చూశారు.

నాగేందర్ ఎండలో లేడు. వాటర్ ట్యాంకు నీడలో, నిండా చొక్కా తొడుక్కుని, హాయిగా పుస్తకం చదువుకుంటున్నాడు. ఈయన్ని చూడగానే గబుక్కున లేచి ఎండలోకొచ్చి, చొక్కా గుండీలు విప్పబోయాడు.

జోగారావు గారికి కడుపు నిండిపోయింది.

"దొరికావు. నేనొస్తే ఎండ, నేను లేకపోతే నీడ. అంటే జబ్బూ లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పి నా మేడ ఎక్కుతున్నావు. సాయంత్రానికి రూము ఖాళీ చెయ్యి."

నాగేందర్ చొక్కా గుండీ వదిలేశాడు. "పరీక్ష మీదికొచ్చింది సార్. ఇప్పుడు ఏడికి పోవాలె? జర మేడం గారిని అడుగుండ్రి," అన్నాడు.

అడగడానికేముంది, చెప్పేస్తానంటూ జోగారావు గారు మెట్లన్నీ ఒక్క ఊపులో దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఆదిలక్ష్మీ, ఇన్నాళ్లూ మనల్ని మోసం చేశాడే వాడు. వాడికసలు విటమిన్ డి లోపమే లేదు."

ఆదిలక్ష్మి పొయ్యి మీది పాలు దించి, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"వాడికెందుకుంటుందండీ, ఉన్నది మీకు."