మూడో అంతస్తు ఎముకలు

"నెలసరి ఆగి ఎన్నేళ్లయిందమ్మా?" అని నేను ఆవిడని అడిగితే, "ఆరేళ్లు" అని పక్కనున్న భర్త చెప్పాడు.

"తొమ్మిది" అంది ఆమె మెల్లగా.

నెలసరి ఆగిన ఆడవాళ్ల కోసం మా ఆస్పత్రిలో ఏరోబిక్స్ క్లాసు పెడుతున్నాం. పేర్లు రాసుకోవడం నర్సునైన నా పని. ఆ వయసులో ఎముకలు గుల్లబారతాయి కాబట్టి, చేరడానికొచ్చిన వాళ్లకి ఎముకల స్కానింగు ఉచితమని తెలిసి ఆ మహానుభావుడు భార్యని వెంటబెట్టుకొచ్చాడు.

"వ్యాయామం ఏమైనా చేస్తారా?"

"ఇదా! పొద్దస్తమానం ఇంట్లో ఖాళీగా కూర్చుంటుంది." మళ్లీ ఆయనే. ఆమె ఒంటి సంగతి ఆమెనడిగినా జవాబు మాత్రం ఈయన సొత్తు.

తీరా స్కానింగు చూస్తే, ఆమె ఎముకలు ముప్ఫై ఏళ్ల మనిషి ఎముకల్లా ఉన్నాయి. నేను నోరు వెళ్లబెట్టాను.

"అసలేం చేస్తుంటారమ్మా మీరు?"

"మాది మూడో అంతస్తమ్మా, లిఫ్టు లేదు. పాలకి దిగుతాను, పేపరుకి దిగుతాను. ఈయన కింద బండి దగ్గర నిలబడి 'కళ్లజోడు మర్చిపోయా' అని కేకేస్తే మళ్లీ దిగుతాను. రోజుకి ఏ పదిహేనుసార్లో ఎక్కి దిగుతుంటాను."

ఆయన రొమ్ము విరుచుకున్నాడు. "చూశావా! నేను పరుగులు పెట్టించబట్టే కదా నీ ఎముకలు గట్టిపడ్డాయి!"

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం భర్తని ఒకసారి ఎగాదిగా చూసి నా వైపు తిరిగింది.

"క్లాసులో నా పేరు రాసుకోండమ్మా, ఇకమీద ఇక్కడికొచ్చి గెంతుతాను. అలాగే ఈయన ఎముకలకి కూడా ఓసారి స్కాన్ తీయండి. రేపట్నుంచి ఆ మెట్లన్నీ ఈయనవే. తట్టుకుంటాయో లేదో!"