సగం ధర సరుకు

“ఎవడైనా కదిలాడో, దీని తల పేలిపోద్ది!”

సంకెళ్లు విప్పీ విప్పకముందే దొంగ, పక్కనున్న కానిస్టేబుల్ నడుము నుంచి పిస్టల్ లాక్కుని టైపిస్టు మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను తప్ప ఏమీ లేదు. పిస్టల్ పోగొట్టుకున్న కానిస్టేబుల్ గోడకు బల్లిలా అతుక్కుపోయాడు.

అందరికంటే ఎక్కువ చెమటలు పట్టింది స్టోర్ కీపర్‌కు. స్టేషన్‌కు బుల్లెట్లు కొని తెచ్చేది అతనే. ఈసారి తెచ్చింది సగం ధర సరుకు, డ్యూటీకి పనికిరానిది. పదింటిలో నాలుగు పేలవు. ఆ సంగతి తనకొక్కడికే తెలుసు. చెబితే ఉద్యోగంతో పాటు తనకూ జైలే. ఊరుకుంటే ఆ పిల్ల ప్రాణం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“బాబాయ్!” అంది టైపిస్టు ఏడుస్తూ.

ఆఫీసులో కలిపిన వరసే. అయినా ఆ పిలుపు అతన్ని నిలవనివ్వలేదు.

“పిల్లని వదలరా. కాలిస్తే నన్ను కాల్చు,” అంటూ రెండడుగులు వేశాడు. పదింటిలో ఆరు పేలతాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తగ్గే వీలు లేదు.

దొంగ పిస్టల్ అతని గుండెకు గురిపెట్టి నొక్కాడు.

టక్.

అంతే, అందరూ మీదపడి దొంగను కట్టేశారు. టైపిస్టు పరుగున వచ్చి స్టోర్ కీపర్ చెయ్యి పట్టుకుంది.

“ఏం గుండెయ్యా నీది!” ఇన్‌స్పెక్టర్ అతని వీపు చరిచాడు. “నీకు మెడల్ ఇప్పించే పూచీ నాది. ముందు ఈ పిస్టల్ ల్యాబ్‌కి పంపాలి. బుల్లెట్ ఎందుకు పేల్లేదో తేలాలిగా.”

స్టోర్ కీపర్ లెక్క వేసుకున్నాడు. ల్యాబ్‌లో ఎలాగూ బయటపడుతుంది. ఇక దాచి లాభం లేదు.

“తేలడానికేముంది సార్! అవి ప్రాక్టీసు బుల్లెట్లు. డ్యూటీకి వాడొద్దని పెట్టె మీదే రాసుంది. చవగ్గా వస్తున్నాయని తెచ్చి, తేడా నేనే నొక్కేశాను.”

టైపిస్టు అతని చెయ్యి వదిలేసింది. ఇన్‌స్పెక్టర్ ఆ బుల్లెట్ల సంగతేమిటో చూద్దామని పిస్టల్ విప్పాడు.

లోపల ఒక్కటీ లేదు.

అందరూ కానిస్టేబుల్ వైపు తిరిగారు.

“పెట్టె మీద రాసింది నేనూ చదివాను సార్,” అని గొణిగాడతను. “చేతిలోనే పేలతాయేమోనని రెణ్నెల్లుగా ఖాళీదే పెట్టుకు తిరుగుతున్నాను. ఇందాకే చెప్దామనుకున్నా... ఉద్యోగం పోతుందని ఊరుకున్నా.”