సూది లెక్క

సూది ఒకటి తగ్గింది.

కత్తెరమ్మ సూదుల దిండు మీద మళ్ళీ వేలు ఆనించి లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తగ్గిన సూది తగ్గినట్టే ఉంది. ఆవిడ లేచి తలుపుకి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"అది దొరికేదాకా ఎవ్వరూ గడప దాటేది లేదు."

ఇళ్ళకి బయల్దేరబోతున్న ఆడవాళ్ళంతా ఉసూరుమంటూ మళ్ళీ చాపల మీద కూలబడ్డారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ మేడగదిలో ఇంతవరకు లేరు. దారపు ఉండలు రంగుల వారీగా డబ్బాల్లో ఉండాలి, కత్తెరలు మేకులకి వేలాడాలి, గుడ్డపేలికలు పెద్దవి కింది అరలో, చిన్నవి పై అరలో. ఏది ఎక్కడ తీస్తే అక్కడే పెట్టాలి. ఒక్కటి అటూ ఇటూ అయినా ఒంటికాలి మీద లేస్తుంది. కత్తెరమ్మ అనే పేరు ఊరికే రాలేదు. అయినా సూదుల విషయంలో ఆవిడని తప్పుపట్టడానికి లేదు. వారానికోసారి అందరూ చేరి అక్కడ కుట్టే బొంతలన్నీ పిల్లల ఆసుపత్రికి వెళతాయి. పంపేది రేపు పొద్దున్నే. ఏ పసిగుడ్డు వీపు కిందో ఆ సూది తేలితే ఎవరిది పాపం?

ఇద్దరిద్దరుగా కూర్చుని బొంతలు విప్పి, అంచు నుంచి అంచుకి అరచేత్తో అదిమి తడమడం మొదలుపెట్టారు. బేకరీ వదినకి ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లో పిల్లలు ఈపాటికి ఇల్లు పీకి పందిరేసి ఉంటారని గొణిగింది. ఆ తర్వాత గొణుగుడు మానేసి పైకే అనేసింది.

"సూది కోసం సోదికెళితే పాత రంకులన్నీ బయటపడ్డాయట. ఇవాళ ఎవరెవరి బండారాలు బయటపడతాయో ఏమో."

అందరూ నవ్వారు. కత్తెరమ్మ నవ్వలేదు.

అంతలో కింద మోటార్ సైకిల్ హారన్ మోగింది. అందరి తలలూ గుండీల పిల్ల వైపు తిరిగాయి. చొక్కాల దుకాణంలో గుండీలు కుట్టే పిల్ల. నోట్లో నాలుక లేదు గానీ కుట్టు మాత్రం చీమలబారే. వారం వారం వాళ్ళాయన తనే తెచ్చి దింపుతాడు, పని ముగిసే వేళకి తనే వచ్చి కింద నిలబడతాడు.

"వచ్చేశాడమ్మా. పెళ్ళాన్ని చూడకుండా ఐదు నిమిషాలు ఉండలేడు," అంది బేకరీ వదిన. తను ఇంట్లో లేనన్న సంగతి తన మొగుడికి ఆకలేస్తే గానీ తెలియదని కూడా చెప్పుకుంది. మళ్ళీ నవ్వులు. గుండీల పిల్ల కూడా నవ్వినట్టే పెదవి కదిపింది.

కత్తెరమ్మ మనసు కాస్త మెత్తబడింది. ఆ అబ్బాయంటే ఆవిడకి గురి. నోరారా అక్కా అని పిలుస్తాడు. కొత్త కుట్టుమిషను కొన్నప్పుడు ఒక్కడే మెట్లెక్కించి తెచ్చిపెట్టాడు.

"నువ్వు వెళ్ళమ్మా. నీ మీద నాకు నమ్మకముంది," అంది.

దానికో న్యాయం మాకో న్యాయమా అని బేకరీ వదిన అందుకునేలోపే ఆ పిల్ల తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"నా బొంత ఇంకా తడమలేదక్కా."

చూసి నేర్చుకోండి అన్నట్టు కత్తెరమ్మ మిగతావాళ్ళ వైపు చూసింది. అందరి బొంతలూ మడతపెట్టడం అయిపోయినా ఆ పిల్ల చెయ్యి ఇంకా మొదటి అంచు దగ్గరే ఉంది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎవరో తలుపు తట్టారు.

కత్తెరమ్మ గడియ తీసింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని అతను నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ సంగతి చెప్పింది. ఒక్క సూదికి ఇంత రాద్ధాంతమా అక్కా అంటూ ఇంకా నవ్వాడు. ఆవిడ భుజం మీదుగా లోపలికి చూసి, గొంతు తగ్గించి పెళ్ళాంతో అన్నాడు.

"రా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆ పిల్ల ఒళ్ళోని బొంత మీద, తెల్లటి అస్తరు వైపు, ఎర్రటి చుక్క ఒకటి పడింది. పక్కనే ఇంకొకటి. రేపు పంపాల్సిన బొంత పాడైపోయిందన్న కోపంతోనే కత్తెరమ్మ గబగబా వెళ్ళి, అతనికి వీపు పెట్టి వంగి, ఆ పిల్ల గుప్పిట పట్టుకుని విప్పింది.

సూది అరచేతిలో దిగబడి ఉంది.

సాయంత్రం నుంచీ ఇంతమందిని ఏడిపిస్తావా అని అరవబోయింది. అంతలో ఆ పిల్ల పొడుగు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద వేళ్ళ గుర్తులు, నల్లబడినవి కొన్ని, ఇంకా ఎర్రగా ఉన్నవి కొన్ని.

"ఇంకాసేపు వెతుకుదాం అక్కా," అంది ఆ పిల్ల, పెదవులు కదిలీ కదలకుండా.

పక్కనున్న బేకరీ వదిన కూడా చూసింది. మడతపెట్టిన బొంత ఒకటి లాక్కుని, విప్పి, మళ్ళీ తడమడం మొదలుపెట్టింది.

కత్తెరమ్మ ఆ గుర్తుల మీదికి జాకెట్టు చెయ్యి మెల్లగా లాగింది. హారన్ వినబడిన ప్రతిసారీ, అదృష్టవంతురాలివే అంటూ, ఈ పిల్లని మెట్ల దాకా సాగనంపింది తనే.

"దొరికిందా అక్కా?" అన్నాడు అతను గుమ్మంలోంచి.

కత్తెరమ్మ సూదిని లాగి తన గుప్పిట్లో దాచుకుని అతని వైపు తిరిగింది. "ఎక్కడ బాబూ, మళ్ళీ లెక్కపెడితే ఇంకో నాలుగు తగ్గాయి. తెల్లారేదాకా పడుతుంది, నువ్వెళ్ళు."