రంగు పోయిన నీటిగుంట

సముద్రం వెనక్కి వెళ్తూ రాళ్ల మధ్య ఒక నీటిగుంటను వదిలేసింది. అందులో ఉన్నవి దోసెడు నీళ్లే. ఆ రాళ్లలో ఒంటరిగా బతికే పీత వచ్చి తొంగి చూసింది.

"ఎవరు నువ్వు?"

"సముద్రాన్ని," అంది గుంట.

"కోతలు కోయకు. సముద్రం నీలంగా ఉంటుంది. నీ అడుగున గులకరాళ్లు కూడా కనిపిస్తున్నాయి."

"పొద్దుటి దాకా నేనూ నీలమే. అక్కడ లోతుండేది. ఎండలోని ఎరుపును ఆ లోతు మింగేస్తే నీలం మిగిలేది. దోసెడు నీళ్లు ఏం మింగుతాయి?"

ఎండ ముదిరింది. గుంట సగమైంది. పీత గొణుక్కుంటూ వెళ్లి ఎండకు అడ్డంగా నిలబడింది. వీపు కాలుతున్నా కదల్లేదు. మాట్లాడే తోడు దొరికి దానికి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం పోటు వచ్చింది. ఒక్క అలతో గుంట సముద్రంలో కలిసిపోయింది. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

మర్నాడు పీత రాయెక్కి వెతికింది. ఎటు చూసినా నీలమే. అందులో తన గుంట ఏదో పోల్చుకోలేకపోయింది.

పోటు తగ్గి నీళ్లు వెనక్కి వెళ్లాక అదే చోట మళ్లీ ఒక గుంట మిగిలింది. "ఎవరు నువ్వు?" అని పీతను అడిగింది. "పొద్దుటి దాకా నేను నీలంగా ఉండేదాన్ని, తెలుసా?"

పీత వెళ్లి ఎండకు అడ్డంగా నిలబడింది.