ఎడమచేతి ఆట

బ్యాడ్మింటన్ ఫైనల్ రోజు పొద్దున్నే అక్క కాలు బెణికింది. మా ఇద్దరికీ కోచ్ నాన్నే. టీమ్ లిస్టులో అక్క పేరు కొట్టేసి నా పేరు రాశాడు. ఐదేళ్ల తర్వాత నాకదే మొదటి మ్యాచ్.

అవతల ఉన్నది ఎడమచేతి వాటం ఛాంపియన్. అక్కని ఓడించగలిగేది ఆమె ఒక్కతే. అందుకే ఐదేళ్ల క్రితం నాన్న నా రాకెట్‌ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్పించి, ప్రాక్టీసులో నా చేత ఆమె వేషం కట్టించాడు. ఆమె సర్వీసు, ఆమె స్మాష్, ఆఖరికి ఆమె చెమట తుడుచుకునే తీరు కూడా అచ్చు గుద్దినట్టు నేర్చుకున్నాను. అక్క నన్ను ఓడిస్తేనే ఆ పూట నాన్నకి ముద్ద దిగేది.

మ్యాచ్ మొదలైంది. నా ప్రతి షాటూ ఆ ఛాంపియన్‌కి ముందే తెలిసిపోతోంది. ఆమెకి పదకొండు, నాకు రెండు. నిమిషం విరామంలో నాన్న నా మీద విరుచుకుపడ్డాడు.

"ఆమె ఆట ఆమెకే చూపిస్తావేంటే? నీ ఆట నువ్వాడి చావు!"

"నా ఆటా? అదెలా ఉంటుంది నాన్నా?"

నాన్న నా రెండు చేతుల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇంతకీ చిన్నప్పుడు నువ్వు ఏ చేత్తో ఆడేదానివే?"